ఎర్ర గుమ్మటాలు అవతలి ఒడ్డు

లింగమ్మా,

నేనే. నువ్వు పోయి మూడేండ్ల నాలుగు నెలలు. ఇన్నాళ్లకు ఉత్తరమేందని నవ్వకు. బతికున్నప్పుడు నీకు రాసే పనే పడలేదు, ఎప్పుడూ ఎదురుగనే ఉంటివి. రాసినా నీకు చదువ రాకపోయె. ఇప్పుడా అడ్డం ఉండదనుకుంట... ఉంటదా?

ముందుగాల ఊరి సంగతి. మిర్యాలగూడల రైసు మిల్లులు ఇంకా పెరిగినయ్. ఊక దుమ్ము అట్లనే ఉంది, పొద్దున చాప దులిపితే దోసెడు రాలుతది. నన్ను మిల్లుల కాంటా కాడి నుంచి లేపి కుర్చీల కూర్చోబెట్టిండ్రు. గౌరవం అన్నరు. పని లేదని అర్థం. పక్క పోర్షన్ సరోజిని టీచరమ్మ బాగుంది. కోదాడ మనిషి గద, ఇప్పటికీ కుక్కను అదిలించినా చివర అండీ అంటది. రంగుల టీవీ కొన్నది. తలుపులున్న పాత డబ్బా టీవీ ఇప్పుడు కోళ్ల గూడు. పుంజు ఆ తలుపుల నడుమ నిలబడి వార్తలు చదివేటాయన లెక్క మెడ సాపుతది...

తొవ్వ తప్పుతున్న. నాకది కొత్త గాదు, నీకు తెల్సు.

మొన్న ఆదివారం ఆ రంగుల టీవీల మన సీరియల్ మళ్లా వేసిండ్రు. హైదరాబాద్ పట్నంల ఆటలు, పాటలు, బొమ్మలు, కట్టడాలు వారానికొక తీరు చూపించేది. మనం పదమూడు వారాలు టీచరమ్మ గడప కాడ కూర్చొని చూసినదే. మొన్న మూసీ నది వచ్చింది. ఆ ఒడ్డున గుమ్మటాలు, ఈ ఒడ్డున గుమ్మటాలు. ఎర్రయి నిజంగనే ఎర్రగున్నయ్ లింగమ్మా. నేను లేచి బయటికొచ్చిన. కండ్లల్ల ఊక పడ్డదని చెప్పిన.

ఇగ అసలు మాట. నీకు తెల్సిన మాటే. అయినా నా నోటితోని ఎన్నడూ చెప్పలేదు.

నేను పట్నం చూడలేదు.

పెండ్లైన కొత్తల మిల్లు లారీ మీద పోయిన మాట నిజమే. ఊరవతల ఒక గోదాం. బస్తాలు దింపి, గోడ నీడకు సద్ది తిని, అదే లారీల మర్లి వచ్చిన. నేను చూసిన పట్నం ఆ గోడే. దాని మీద బీడీల ప్రకటన.

ఇంటికొస్తే నువ్వు కాళ్లకు నీళ్లిచ్చి, "పట్నం ఎట్లుందయ్యా?" అన్నవ్. నీ మొఖం చూసి గోడ గురించి చెప్పబుద్ధి కాలేదు. ఒక పాటకచేరి చెప్పిన. నువ్వు పొయ్యి మీద అన్నం మర్చిపోయి విన్నవ్. మర్నాడు ఇంకొకటి అడిగినవ్. పిల్లలు లేని ఇల్లు, సాయంత్రం పొద్దు ఎట్ల పోవాలె? మిల్లు ఆఫీసుల పాత పేపర్లు చదువుకుంట చదువుకుంట ముప్పై ఏండ్లు పట్నం కట్టిన. నాటకాలాడే హాళ్లు, రంగులేసేటోళ్లు, సారంగి వాయించే ముసలాయన... ఆ ముసలాయనకు నేను పేరు గూడ పెట్టిన. ఒక ఏడు ఆయనకు జొరమొస్తే నువ్వు పరేషాన్ అయినవ్.

నీకు నేను పట్నం దొరనైన. మిల్లుల అందరికీ అయిన.

అప్పుడొచ్చింది ఆ సీరియల్. రెండో వారం మ్యూజియం గడియారం చూపించిండ్రు. గడియారంల నుంచి చిన్న బొమ్మ బయటికొచ్చి గంట కొట్టి అందరికీ సలాం చేస్తదని నేను ఎన్నిసార్లు చెప్పి ఉంటనో. టీవీల బొమ్మ వచ్చింది. గంట కొట్టింది. లోపలికి పోయింది.

నువ్వు నా దిక్కు తిరిగి, "సలాం కొట్టలేదేందయ్యా? నిన్ను సూస్తెనే కొడ్తదా?" అన్నవ్. గడప కాడ ఉన్నోళ్లందరు నవ్విండ్రు. నేనూ నవ్విన. ఆనాడే తెల్సిందా నీకు? ఆ తర్వాత గూడ పొయ్యి కాడ, "ఆ సారంగి తాతది చెప్పు" అని అడిగితివి. తెల్సి అడిగినవా... తెల్వకనా?

సీరియల్ అయిపోయిన నెలకు నీ కడుపుల నొప్పి మొదలైంది. అన్నం సయించలేదు. మన ఊరి డాక్టరు చేయి పెట్టి చూసి గడ్డ ఉందన్నడు, ఆలస్యం చేయక హైదరాబాద్ పెద్ద దవాఖానకు తీస్కపొమ్మన్నడు. బయటికొచ్చినంక నువ్వు అన్న మాట ఇయ్యాల్టికీ చెవుల ఉంది.

"మంచిదే అయింది. నువ్వు తిరిగిన పట్నమే గద, తీస్కపో. ఒకపారి సూసినట్టు గూడ ఉంటది."

నేను తీస్కపోలేదు.

మిల్లు సీజనన్న. పట్నంల కర్ఫ్యూ పెట్టిండ్రన్న. పెట్టలేదు, నా నోటికొచ్చింది అన్న. సూర్యాపేటల మంచి డాక్టరున్నడని బస్సెక్కించిన. ఆయనా పట్నమే పొమ్మన్నడు. కోదాడల ఆకుమందు ఇచ్చే ఆయన ఉన్నడని నేరేడుచర్ల, గరిడేపల్లి మీదికెళ్లి ఆ బస్సుల కుదుపుల తిప్పిన. ప్రతి గుంతకూ నువ్వు నా మోచేయి పట్టుకున్నవ్. అరవలేదు. రెండూర్లు తిరిగినం, రెండు నెలలు పోయినయ్. అంతా దేనికోసం? బస్టాండ్ల దిగంగనే నాకేం తెల్వదని బయటపడ్తదని... ముప్పై ఏండ్ల దొరతనం పోతదని.

నీ ప్రాణం ఒక దిక్కు, నా మీసం ఒక దిక్కు. కాంటా మీద నేను ఏండ్లకేండ్లు తూకం చూసినోన్ని. ఈ తూకం చూడరాలేదు.

చివరికి టీచరమ్మ నన్ను గట్టిగ మందలిస్తే పోయినం. బస్సు దిగినం. రిక్షావోన్ని అడిగినా, చిన్నపిల్లగాన్ని అడిగినా చూపిస్తడు. అడగలేదు. దగ్గరే, నడిచే తొవ్వే అన్న. నువ్వు నా భుజం పట్టుకొని నడిచినవ్. మెడల తువ్వాల తీసి నీకు నీడ పట్టిన, అదొక్కటే నేను చేసిన మంచి పని. ఒక సందు, ఇంకొక సందు... ఎండ.

అప్పుడు నువ్వు నిలబడ్డవ్. "ఒకే చెరుకురసం బండి మూడుమాట్ల సూసినం. ఇగ నేను చెప్త, నువ్వు నడువు."

నేను ముందల నడిచిన.

"మూసీ ఎంబడి పోవాలె. ఎర్ర గుమ్మటాలు అవతలి ఒడ్డు, అది కోర్టు కచేరి. తెల్ల గుమ్మటాలు ఇవతలి ఒడ్డు, అది దవాఖాన. టీవీల చెప్పేటాయన చెప్పలే?"

ఆ డబ్బా టీవీల రంగు ఎక్కడిది లింగమ్మా? ఎర్రదీ నల్లగనే, తెల్లదీ బూడిదగనే. నువ్వు చెవితోని చూసినవ్. చదువు రానిదానివి, పదమూడు వారాలు మాట పొల్లు పోకుంట దాచుకున్నవ్. ఎందుకు దాచుకున్నవ్? ఇట్లాంటి రోజొకటి వస్తదని నీకు ముందే అనిపించిందా...

నది కనపడంగనే, "మన మూసే గద, గింత సన్నగున్నదేంది?" అన్నవ్. అంత నొప్పిల గూడ.

డాక్టరు చిన్నోడు. నీ కడుపు చూసి, కాగితాలు చూసి, ఇన్నాళ్లు ఏం చేసిండ్రని నన్ను అడిగిండు. నేను నోరు తెరిచిన. ఏం చెప్పేటోన్నో తెల్వదు. నువ్వు అడ్డం వచ్చినవ్.

"ఆయన పోదాం పోదామనే అన్నడు సారూ. నాట్లున్నయని నేనే రానన్న."

మనకు గుంటెడు పొలం లేదు. నీ జన్మల నువ్వు ఆడిన అబద్ధం నాకు తెల్సి అదొక్కటే. దాన్ని గూడ నా కోసం ఖర్చు చేసినవ్. పక్క మంచమామెకు గూడ మా ఆయనకు పట్నమంతా ఎరికే అని చెప్పినవట. ఎత్తిపొడుపా, పరువు కాపాడుడా... ఇయ్యాల్టికీ నాకు తెగలేదు.

పద్దెనిమిది రోజులున్నవ్. వాడపల్లి కాడ, మూసీ పోయి కృష్ణల కలిసే చోట నిన్ను కలిపిన. ఆ ఒడ్డుల నడుమ నుంచి వచ్చిన నీళ్లే.

తర్వాత నేను పట్నం పోయిన, ఒక్కన్నే, చాలాసార్లు. తొవ్వ నేర్చుకునేటందుకు. ఒకపారి ఆ గడియారం ముందల గూడ నిలబడ్డ. బొమ్మ వచ్చింది, గంట కొట్టింది, పోయింది. నన్ను చూసినా సలాం కొట్టలేదు.

ఇప్పుడు మన వాడల ఎవరికి జబ్బు చేసినా నేనే వెంట పోత. ఎల్లుండి పొద్దుగాల బస్సుకు హమాలీ ముత్తయ్యను తీస్కపోతున్న. మెడ కింద గడ్డ. సీజన్ అయినంక పోదామన్నడు. మిల్లుల అందరి ముందల వాని మీద అరిచిన, బుగ్గలు అదిరేటట్టు. పట్నం దొరకు ఇంత కోపమేందని నవ్విండ్రు. అప్పుడు చెప్పిన లింగమ్మా. నేను దొరను గాదు, చెప్పినయన్నీ పేపర్ల ముచ్చట్లు, దవాఖాన తొవ్వ మా ఇంటామె చూపించింది అని. ఎవరూ నమ్మలేదు. ఇదిగూడ ఒక కథే అనుకున్నరు.

అనుకోనీ.

ముత్తయ్యను ఎండల నడిపియ్య. దిగంగనే రిక్షా పిలుస్త. తొవ్వ మర్చిపోతే మొదట కనపడ్డ మనిషినే అడుగుత. నీ మీద ఒట్టు.

ఉంట మరి,
నీ కాంటా మనిషి