బోణీ అయ్యేదాకా

సాలూరు,
12-8-2014.

చిరంజీవి హర్షితను అమ్మ దీవించి రాసేది. అందరం క్షేమమని రాయడం ఆనవాయితీ గనక రాశాను. నిజానికి మీ నాన్నతో వేగలేకపోతున్నాను తల్లీ.

నువ్వడిగిన సీఆర్పీ, అదే ఒంట్లో వాపు ఎంతుందో చెప్పే రక్తపరీక్ష, నలభై ఎనిమిది నుంచి తొమ్మిదికి దిగింది. దిగితేనే మంచిదని డాక్టరుగారు ఎంత చెప్పినా ఈయన చెవికెక్కదు. "పడిపోతే మంచిదేటి? ఏ యాపారంలో సూసినావే?" అని నన్ను తగులుకుంటారు.

మెదడు స్కానింగు ఫిలిం గల్లాపెట్టె పక్కనే పెట్టుకున్నారు. తాళ్లకీ టార్పాలిన్లకీ వచ్చిన ప్రతి లారీ డ్రైవరుకీ ఎడమచేత్తో దాన్ని వెలుతురుకెత్తి, నల్లమచ్చ చూపించాలి. మాత్ర వేసుకోమంటే మాత్రం వినపడదు. చెప్పీ చెప్పీ నా నోరు పోతోంది.

మధ్యాహ్నం పన్నెండింటికి నాన్నకి పక్షవాతమొచ్చి చెయ్యి పడిపోతే, రెండింటికల్లా విజయనగరం ఆసుపత్రికి చేరితే, గడ్డ కరిగించే సూది ఎందుకివ్వలేదని అడిగావు. మీ నర్సింగు కాలేజీలో కనుక్కుని ఆ డాక్టరు మీద ఫిర్యాదు పెడతానని రాశావు. పెట్టకు. ఫోనులో చెబుదామంటే ఈయన పక్కనే ఉంటారు, అందుకే ఉత్తరం రాస్తున్నాను.

పన్నెండింటికి కాదమ్మా. పొద్దున్న ఏడింటికి కొట్టు తెరవగానే ఆయన కుడిచేతిలోంచి తాళాలు జారిపోయాయి. మాట ముద్దయింది. ఆసుపత్రికి పోదామని ఆయనే అన్నారు. తెరిచిన కొట్టు బోణీ కాకుండా మూస్తామా, తిమ్మిరే కదా అని ఆపింది నేను. ఎవరో డ్రైవరు వచ్చి తాడు కొనేసరికి పదకొండున్నర. అప్పటికి కాలు కూడా పడిపోయింది.

ఆసుపత్రిలో సిగ్గేసి, పన్నెండింటికి వచ్చిందన్నాను. డాక్టరుగారు ఫిలిం చూసి, "ఇది రెండు గంటల కిందటి మచ్చ కాదమ్మా. నిజం చెప్పు. ఆలస్యమయ్యాక ఆ సూది వేస్తే మెదడులో రక్తం కారుతుంది" అన్నారు. అప్పుడు చెప్పాను. ఫిర్యాదు పెట్టాలంటే నా మీద పెట్టు.

ఆ పొద్దుటి సంగతి ఈయనకి గుర్తు లేదనుకుని ఇన్నాళ్లూ నెట్టుకొచ్చాను. నిన్న లక్ష్ముడనే డ్రైవరు ఫిలిం చూసి, ఎన్నింటికొచ్చిందని అడిగాడు. నేను పక్కనే తాడు చుడుతున్నాను. ఈయన నా వైపు చూడలేదు.

"పన్నెండింటికొచ్చినాది. మా ఆడది ఒక్క నిమిషం ఆగనేదు, ఎంటనే తీసుకుపోనాది" అన్నారు.

ఇట్లు,
మీ నాన్న ముందు తలెత్తలేని
అమ్మ, భాగ్యవతి.