నా గొంతు నొప్పికి కారణం దొరికింది

అక్కా,

ముందు నువ్వు ఆ కంగారు మానెయ్యి. మనిద్దరం భయపడ్డదేదీ కాదు. కొన్నాళ్లపాటు తక్కువ మాట్లాడమన్నారు కాబట్టి ఫోను చెయ్యకుండా ఈ ఉత్తరం రాస్తున్నాను.

నెలల తరబడి నొప్పీ బొంగురూ తగ్గలేదు కదా, పోయిన వారం గొంతు డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. మీ మరిదిగారు తోడొచ్చారు. ఆవిడ నా ముక్కులోంచి సన్నటి గొట్టం దించి చూసింది.

"పుండూ లేదు, గడ్డా లేదు. అరిచి అరిచి గొంతు ఒరుసుకుపోయిందంతే. ఏం పని చేస్తారమ్మా?"

"ఇంట్లో బట్టలు కుడతానండీ. అరవాల్సిన పనేముంది?"

ఆవిడ ఈయన వైపు తిరిగి, "ఇంట్లో ఈవిడ గట్టిగా మాట్లాడతారా?" అని అడిగింది.

"లేదండీ, బస్సులోనే వచ్చాం" అన్నారు ఈయన.

డాక్టరమ్మ నవ్వాపుకుంటూ నన్ను లేపి, ఆ కుర్చీలో ఈయన్ని కూర్చోబెట్టింది. ప్రెస్సులో ఇన్నేళ్ళ అచ్చు మిషన్ల మోతకు ఈయన చెవులు మందగించాయట. అది మెల్లమెల్లగా జరగడంతో ఈయనకీ తెలియలేదు, నాకూ తెలియలేదు. నేను మాత్రం రోజురోజుకీ గొంతు పెంచుకుంటూ పోయాను!

ఈ ఉదయం ఈయన చెవులకు వినికిడి యంత్రాలు పెట్టించాం. ఇంటికి రాగానే వంటింట్లోంచి అలవాటుగా అరవబోయి ఆగాను. మెల్లగా, "ఏమండీ, కాఫీ తాగుతారా?" అన్నాను.

"ఏమన్నావ్?"

నా ప్రాణం ఉసూరుమంది. గుమ్మంలోకి వచ్చి, "వినపడలేదా?" అన్నాను.

"వినపడిందే" అన్నారు నవ్వుతూ. "ఇంకోసారి విందామనీ!"

నీ చెల్లెలు