బాపు చేతుల వాసన

మంగళవారం, రాత్రి

ఈరోజు ల్యాబ్‌లో పెట్రోలు నమూనాను గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌లోకి ఎక్కించాను. అందులో కలిసున్నవన్నీ విడిపోయి, స్క్రీన్ మీద ఒక్కో శిఖరంలా లేచాయి. బెంజీన్‌ది చిన్నదే, కానీ రక్తానికి చేటు దానితోనే.

ఎల్లారెడ్డిలో మా మెకానిక్ షాపు గుర్తొచ్చింది. పెట్రోలుతో కార్బురేటర్ కడిగిన చేత్తోనే బాపు నా చెంప నిమిరేవాడు. ఆ వాసన కోసమే బడి నుంచి నేరుగా షాపుకి వెళ్లేదాన్ని.

సాయంత్రం ఫోన్ చేసి, పెట్రోలుతో చేతులు కడుక్కోవద్దన్నాను.

"ఇన్నేండ్ల సంది ఏం కాలే గద బిడ్డా," అన్నాడు. నేను ఊరుకోలేదు. చివరికి, "సరే, సబ్బుతోనే కడుక్కుంట తియ్," అన్నాడు.

ఈసారి ఊరెళ్తూ కామారెడ్డిలో రైలు దిగగానే బాపు వచ్చి నా సంచి అందుకుంటాడు. ఆ చేతికి సబ్బు వాసన వస్తుంది.

అడిగింది నేనేగా...