కాయలు, కూలి, కరుణ ఉద్యోగం

గుంటూరు,
14 జూన్ 1958.

చిరంజీవి యోహానుకు అమ్మ దీవించి రాసేది. దేవుని దయవల్ల నేనూ, నీ కూతురు కరుణా క్షేమం. నువ్వూ, కోడలు మార్తా, చిన్నపిల్లలూ ఎలా ఉన్నారు? రంగూనులో వానలు మొదలై ఉంటాయి. నీ ఉబ్బసం సంగతి దాచకుండా రాయి.

ఇవాళే రాయడానికి కారణం ఉంది. చదువు ముగిసిన కరుణకు ఈ దేశంలో ఉద్యోగం చేసుకోవడానికి ఏడాదిపాటు అనుమతి నిన్న వచ్చింది. కనిగిరిలో ఆడపిల్లల హైస్కూలులో సైన్సు టీచరు. అంటే పిల్ల ఈ ఏడు ఇంటికి రాదు. ఆ మాట చివర్లో చెప్పడం నాకిష్టం లేక ముందే రాశాను.

ఇక్కడ ఎండలు ఇంకా తగ్గలేదు. గాలి తిరిగితే మిరప ఘాటుకు వీధంతా దగ్గుతుంది. అందరూ తెలుగే మాట్లాడే ఊరు, అయినా నేను పుట్టింది రంగూనులో, పిల్ల చదువుకు తోడుగా వచ్చినదాన్ని కాబట్టి ఇది నాకు పరాయి ఊరే. పొద్దున్నే వేడివేడి చేపల పులుసు మొహింగా తాగిన నోటికి ఇడ్లీ అలవాటు కావడానికి చాలాకాలం పట్టింది. ఆదివారం గుడిలో పాట మొదలైతే మాత్రం బెంగ తీరుతుంది. మేం బాగానే ఉన్నాం, దిగులు పడకు.

ఇక అనుమతి సంగతి. విద్యార్థిగా ఇచ్చిన గడువు ఈ నెలాఖరుతో సరి. ఉద్యోగానికి వేరే అనుమతి కావాలి, లేకపోతే స్టీమరు ఎక్కాల్సిందే. బడివారి ఉత్తరం తీసుకుని విదేశీయుల వ్యవహారాలు చూసే పోలీసు ఆఫీసుకు వెళ్లాం. అధికారి నెమ్మదస్తుడు.

"చదువుకోడానికి వచ్చావు కదమ్మా. ఇంతవరకు ఇక్కడ ఏదైనా పని చేసి కూలిగానీ జీతంగానీ తీసుకున్నావా?" అని అడిగాడు.

"తీసుకున్నానండి. తుళ్లూరులో ఒకరోజు మిరపకాయలు కోశాను" అంది నీ కూతురు.

ఆయన కలం కింద పెట్టాడు. "డబ్బిచ్చారా?"

"కాయలిచ్చారండి."

విద్యార్థి కూలికి వెళ్లకూడదు, పైకి రాయాల్సి ఉంటుందన్నాడు. ఇక అనుమతి రానట్టే అనుకున్నాను. అయినా పిల్ల అబద్ధం చెప్పనందుకు మనసులో సంతోషించాను.

జరిగింది ఇదీ. మా ఇంటి యజమాని మస్తాన్ గారికి తుళ్లూరులో మిరపచేను ఉంది. పరీక్షలయ్యాక ఆయన భార్య ఫాతిమమ్మ మమ్మల్ని చివరి కోతకు తీసుకెళ్లింది. ఆ కోతకు కూలి డబ్బుగా ఇవ్వరు, కాయలే డబ్బాతో కొలిచి ఇస్తారు. చుట్టంగా వచ్చిన ఆడపిల్లకైతే కొలవకుండా ఒళ్లో పోస్తారు. రంగూనులో పెరిగిన పిల్లకు ఈ రెండింటికీ తేడా ఏం తెలుసు? కోశాను, ఇచ్చారు కాబట్టి కూలే అనుకుంది.

మర్నాడు మస్తాన్ గారు పని మానుకుని మాతో వచ్చారు.

"అయ్యా, కూలోళ్లకి డబ్బాతో కొలుస్తామండి. ఈ పాపకి మా ఇంటావిడ దోసిళ్లతో ఒళ్లో పోసింది. చేలోకొచ్చిన ఆడపిల్లని వట్టి ఒడితో పంపితే మాకు మర్యాదేనా?"

"అయినా కోసిందిగా?"

"ఏం కోతండీ! సగం పచ్చివి కోసింది. తొడిమలన్నీ మొక్కకే వదిలేసింది. నిజంగా కూలికొచ్చుంటే పూటకే పంపించేసేవాణ్ణి."

"మామా! బాగా కోశావన్నారుగా ఆ రోజు!" అంది కరుణ.

"ఒళ్లో పోసేటప్పుడు అలాగే అంటారమ్మా."

అధికారి నవ్వాపుకుని నన్నడిగాడు: "మీరు చూశారా? కొలిచారా, లేదా?"

"కూలివాళ్లవి కొలవడం చూశాను. దీనివి కొలవలేదు. కొలవమని నేనంటే ఫాతిమమ్మ నన్ను కోప్పడింది" అని ఉన్నమాట చెప్పాను. అదే రాయించి సంతకాలు తీసుకుని, అనుకూలంగా పైకి పంపాడు. ఆయనకూ మస్తాన్ గారికీ మనం ఎంతో రుణపడ్డాం.

పన్ను ఆఫీసులో కూడా విచారించాను. తిండికీ ఫీజులకూ నువ్వు పంపిన డబ్బు కరుణ ఆదాయం కాదట. ఏప్రిల్ నుంచి మార్చి దాకా వచ్చే జీతమే లెక్క. పన్ను పడితే కడుతుంది. ఈ దేశం దానికి చదువు చెప్పింది, కట్టడం న్యాయమే.

చర్చి పెద్దలకు నా వందనాలు చెప్పు. పిల్లలకు ముద్దులు. మా కోసం ప్రార్థన చేయండి.

మీ అమ్మ,
రూతమ్మ

ఇక జరగవలసినవి:

1. కరుణ పాస్‌పోర్టు గడువు వచ్చే మార్చి వరకే. పొడిగింపుకు ఏం కావాలో అక్కడ విచారించి వెంటనే రాయి.

2. కనిగిరి నెల్లూరు జిల్లాలో ఉంది. దిగగానే అక్కడి పోలీసు ఆఫీసులో పేరు రాయించాలి. నేను వెంట వెళ్తాను.

3. జూలై నుంచి దాని ఖర్చుకు డబ్బు పంపవద్దు. నా ఖర్చు కూడా అదే పెట్టుకుంటానంటోంది, పెట్టుకోనీ.

4. జీతపు రసీదులు జాగ్రత్త చేయిస్తాను. పన్ను బాకీ లేదన్న కాగితం లేనిదే స్టీమరు టిక్కెట్టు ఇవ్వరు.

5. ఫాతిమమ్మకు అక్కడి ఆడవాళ్లు కట్టే మంచి రంగూను పట్టు లుంగీ ఒకటి పంపు. బేరం చేసి నాసిరకం కొనకు.

6. ఈ ఉత్తరం మార్తకు నువ్వే చదివి వినిపించు. పిల్ల ఈ ఏడు రాదన్న చోట ఆగు. ఆమెను ఏడవనివ్వు, ఊరుకోమనకు. తర్వాత మిగిలింది చదువు.