ముప్పై ఆరో కిలోమీటరు

బిదియా,
రమదాను ఇంకా మూడు వారాలుంది.

పదకొండేళ్లుగా మా గడప తొక్కని హమైద్ బాబాయికి,

నీ అన్న మబ్ఖూత్ కూతురు జువైనాని. ఫోను చేస్తే నా గొంతు వినగానే పెట్టేస్తున్నావని, ఈ ఉత్తరం సూర్ నుంచి ఎండుచేపలు తెచ్చే లారీ అతని చేతికిస్తున్నాను. చించే ముందు ఒక్కసారి చదువు. నేను తగువు తీర్చడానికి రాయడం లేదు. నాకొక సందేహం వచ్చింది, అది నన్ను నిద్రపోనివ్వడం లేదు.

నాన్న కళ్లకి పొర కమ్మింది. చిన్న జీపు తాళాలు నా చేతికొచ్చి ఏడాదైంది. మేకలకి నీళ్లు, గడ్డి మోసేది నేనే. జీపుకి ఏ రోగమొచ్చినా పెరట్లో ఖర్జూరపాకుల పందిరి కింద నేనే విప్పి చూస్తాను. మొన్న కమాన్ కట్టల్లో ఒక పట్టీ విరిగితే పాత లారీ పట్టీ కోసి బిగించాను. వెనక నీళ్ల డబ్బాలు పెట్టడానికి ఇనప చట్రం చేయించాను. పక్కింటి నస్రా ముసలమ్మ, "మొహానికి తొడుగు, చేతులకి గ్రీజు! ఏది దాస్తున్నావో ఏది చూపిస్తున్నావో తెలీదే పిల్లా" అని రోజూ ఒక మాట అంటుంది. అన్నాక తన పంపు మోటారు తెచ్చి నా ముందు పెడుతుంది.

సంగతేంటంటే, పోయిన నెల ఇబ్రాకి పోతూ రోడ్డు పక్క కిలోమీటరు రాళ్లు లెక్కపెట్టాను. పది రాళ్లు దాటితే మీటరు తొమ్మిదే తిరిగింది. చక్రం నుంచి మీటరుకి పోయే తీగ అరిగిందేమో అనుకుని విప్పి గ్రీజు పెట్టాను. మళ్లీ తొమ్మిదే. కొత్త తీగ వేశాను. తొమ్మిదే. అప్పుడు టైరు మీద సుద్దతో గీత గీసి, సిమెంటు గచ్చు మీద ఒక చుట్టు దొర్లించి కొలిచాను. ఇలాంటి జీపే మన ఊరి ఖల్ఫాన్ దగ్గరుంది కదా, దాని టైరూ కొలిచాను. మనది జానెడు పైన ఎక్కువ దొర్లుతోంది. పెద్ద చక్రం తక్కువ చుట్లు తిరుగుతుంది, మీటరేమో చుట్లే లెక్కపెడుతుంది. ఇసుకలోకి దిగేముందు నాన్న చేసినట్టు గాలి సగం తీసి కూడా చూశాను. పెద్ద తేడా రాలేదు.

బాబాయ్, ఇక్కడే నాకు ఆ బావి దారి గుర్తొచ్చింది. చివరి జమ్మిచెట్టు దగ్గర మీటరు సున్నా చేసి, తిన్నెల మధ్య సందు పట్టుకుని దక్షిణానికి ముప్పై ఆరు పోతే బావి అని నాన్న నీకు చెప్పాడు. నువ్వు నీ ట్రక్కులో ముప్పై ఆరు పోయి ఆగావు. బావి లేదు. ట్రక్కు ఇసుకలో దిగబడి, బావిని ఇసుక కప్పేసిందేమోనని అక్కడే రెండు రోజులు తవ్వావు. ఆ మండు వేసవిలో అప్పటికే ఎన్నో రోజులుగా నీళ్లు దొరకని నీ రెండు పందెపు ఒంటెలు దాహంతో నీ కళ్ల ముందే పోయాయి. నాన్న ఖురాను మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తే, ఊరి పెద్ద షేకు ఇంట్లో పదిమంది మధ్య, "బావి నాకు దక్కకూడదని అబద్ధపు దారి చెప్పాడు. ప్రమాణమూ అబద్ధమే" అన్నావు. ఆ రోజు నుంచి ఈ ఊళ్లో ఎవరూ నాన్నని దారి అడగలేదు. ఇరవై ఏళ్లు అందరికీ దారి చెప్పిన మనిషి. ఇప్పుడు ఎవరైనా ఇసుకలోకి పోతుంటే లోపలికెళ్లి పడుకుంటాడు.

నిన్న నేనొక్కదాన్నే పోయాను. మన జీపు మీటరు మీద ముప్పై ఆరు పడేసరికి బావి మూత చెక్కలు నా బంపరుకి పది అడుగుల్లో ఉన్నాయి. నీ ట్రక్కుకైతే అది నలభై. నువ్వు నాలుగు కిలోమీటర్లు ముందే ఆగిపోయావు.

ఇంకొక్కటి. మన జీపుకి ఈ పెద్ద టైర్లు పట్టడానికి ఎవరో మడ్‌గార్డులు కోసి అతికారు. ఆ అతుకులు చేప పొలుసుల్లా ఒకదాని మీదొకటి ఉన్నాయి. సూర్ పడవల షెడ్లో నువ్వు వేసే అతుకులు నాకు తెలుసు. ఆ టైర్లు వేసింది నువ్వేనా? ఎప్పుడు వేశావు? ఇది తెలిస్తే లెక్క సరిపోతుంది. రేపు నాన్నకి చెబుతాను. ఆయన మొహం చూడాలని నాకు ఆగడం లేదు.

నీ
జువైనా


బిదియా,
మొదటి ఉత్తరం రాసిన నాలుగో రోజు.

బాబాయికి,

నేను తొందరపడ్డాను. నాన్న సంతోషిస్తాడని గంతులేస్తూ వెళ్లి చెప్పాను. కాఫీ గిన్నె కింద పెట్టి అడిగాడు.

"ఇది ఇంకెవరికి చెప్పావు?"

"బాబాయికి రాశాను. లారీ అతను తీసుకెళ్లాడు."

"పరిగెత్తు. లారీ ఎక్కడుందో చూడు."

లారీ అప్పటికే వెళ్లిపోయింది. తిరిగొచ్చేసరికి నాన్న జీపు పక్కన నేల మీద కూర్చుని, కళ్లు కనపడక, ఆ అతుకుల్ని వేళ్లతో తడుముతున్నాడు.

"నాకు తెలుసే. ఒంటెలు పోయిన నెలకే ఖల్ఫాన్ బండి అడిగి తీసుకుని పోయాను. ముప్పై ఆరు దగ్గర నా తమ్ముడు తవ్విన గొయ్యి ఉంది. ఇంకో నాలుగు పోతే బావి ఉంది. తిరిగొచ్చి టైర్లు చూసుకున్నాను."

"మరి ఎందుకు చెప్పలేదు నాన్నా? పదకొండేళ్లు!"

"ఆ బావి నాకు దొరక్క ముందు, నేను మక్కాకి ఉమ్రా యాత్రకి పోయిన పది రోజుల్లో అడక్కుండా వేశాడే వాడు, అన్న ఇసుకలో దిగబడకూడదని. నువ్వు ప్రేమతో వేసినవే నీ ఒంటెల్ని చంపాయిరా అని ఏ నోటితో చెప్పను? వాడు నన్ను తిట్టుకుంటూ బతికేస్తాడు. తనని తాను తిట్టుకుంటూ బతకలేడు, వాణ్ణి పెంచింది నేను."

తర్వాత నా చెయ్యి పట్టుకుని, "ఒక్క అబద్ధం రాయవే. మీటరు పాడైందట, నేను పొరపడ్డాను అని రాయి" అన్నాడు. బాబాయ్, నాకు ఊహ తెలిసినప్పటి నుంచి నాన్న నన్ను ఎవరికీ అబద్ధం చెప్పమనలేదు. నాకు ఏడుపొచ్చింది. సరేనని కాగితం తీసుకున్నాను. రాసింది మాత్రం ఇది. ఆయన చదవలేడు కాబట్టి నేను రాసిందే చెల్లుతుంది. ఆయన మాట కాదన్నందుకు నన్ను నువ్వయినా క్షమించు.

జువైనా


సూర్,
బుధవారం.

తల్లీ జువైనా,

రెండు ఉత్తరాలూ అందాయి. మొదటిది చదివాక మూడు రోజులు షెడ్డు తలుపు తీయలేదు. మీ పిన్ని జ్వరమా అని నుదురు పట్టుకు చూసింది. రెండోది చదివాక ఆమెకే ఇచ్చి చదవమన్నాను. చదివి, "ఇంకా ఇక్కడ కూర్చున్నావేంటి మగాడా?" అంది.

అవును, వేసింది నేనే. ఇనుము అతకడం నాకు తెలుసు, మీటరు సంగతి నాకు తట్టలేదు. ఇన్నేళ్లూ నాకు అన్న మీద కోపం లేదు తల్లీ, అనుమానం ఉంది. అది కోపం కంటే చెడ్డది. కోపమైతే ఎప్పుడో చల్లారేది. అన్న నన్ను కాపాడుకుంటూ కూర్చున్నాడని తెలిశాక ఇంక ఇక్కడ ఉండలేను.

అన్నకి ఏమీ చెప్పకు. చెబితే వద్దంటాడు. నేను ఆయన్ని అబద్ధాలకోరన్నది పదిమంది ముందు. చాటుగా వచ్చి కాళ్లు పట్టుకుంటే అది నాకు సుఖమే గాని ఆయనకి న్యాయం కాదు. ఎల్లుండి శుక్రవారం, నమాజు అయి అందరూ బయటికొచ్చే వేళకి, రెండు ఒంటెల్ని ట్రక్కులో ఎక్కించుకుని మసీదు ముందుకి వస్తాను. నువ్వు ఆయన్ని గుమ్మం దాకా నడిపించుకురా, చాలు. షేకు ఉంటాడు, ఖల్ఫాన్ ఉంటాడు, అందరూ ఉంటారు. టైర్ల సంగతి, నా తప్పు సంగతి వాళ్లందరికీ నా నోటితో చెబుతాను. తర్వాత అందరూ వింటుండగా అడుగుతాను, "అన్నా, నా ఒంటెలు దాహంతో ఉన్నాయి. బావికి దారి చెప్పు" అని.

ఆయన ఏ అంకె చెబితే ఆ అంకెకే పోతాను.

మీ బాబాయ్
హమైద్