మంజు మాట వినే ల్యాప్‌టాప్

బేస్తవారం, మదనపల్లె

నా కొడుకు మంజు కన్ను మూసినాక వాళ్ళక్క లత వాడి ల్యాప్‌టాప్‌లోనే ఆఫీసు పని చేస్తాండాది. కోడ్ రాసే ఏఐకి పని పద్ధతి నేర్పేదంట, ఏదో కొత్తది పొద్దున్నించి అందులోకి ఎక్కిస్తాండాది. ఎక్కింది అని తెర మీద వచ్చినా వదల్లేదు.

"ఎక్కింది కదమ్మే, ఇంకా ఏం సూస్తావు?"

"ఎక్కితే సాలదమ్మా, పని చేస్తాందో లేదో సూడాల. కోడ్ రాసే ముందు అది నన్ను అడగాల. అడక్కుండానే రాసేస్తాండాది."

తీసి మళ్ళీ పెట్టింది. అదే తంతు. కడాకు కారణం దొరికింది. "నన్నేమీ అడగద్దు, చెప్పింది చెయ్యి" అని మంజు ఎప్పుడో ఆ ఏఐకి రాసి పెట్టినాడంట. వాడి నోరే అంత.

"ఇది తీసేస్తానమ్మా" అనింది.

"తీసినావంటే సెయ్యి ఇరగ్గొడతా."

"అయితే రేపు నా ఉద్యోగం నువ్వు చెయ్" అని నా మీదికే లేచింది.

దాని బతుకూ సూడాల కదా. విసుగుపుట్టి, తీసెయ్యమన్నాను. మళ్ళీ పరీక్ష పెడితే, కోడ్ రాసే ముందు ఏఐ బుద్ధిగా అడిగింది. లత సంబరపడింది. నాకు ఒళ్ళు మండింది. ఈ ఇంట్లో ఇంకా వాడి మాట వింటాండింది అదొక్కటే. దానికీ మరిపించేస్తిమి...