మరిచిపోయిన రెండు వరుసలు

ప్రియమైన అక్కా,

క్షేమంగా చేరాను. బస్సులో పక్కనున్నావిడ దారంతా నా భుజాన్నే దిండు చేసుకుంది. దిగేటప్పుడు "మీకు బాగా నిద్ర పట్టినట్టుందే" అని నన్నే పలకరించింది.

నీ షాపులో కళ్లద్దాలు అరగదీసే మిషన్ రొదలో ఫోను చేసి చెబితే సగం నీకు వినబడదు, మిగతా సగం వదినకు వినబడుతుంది. పోనీ పాస్‌వర్డు సంగతులు మెయిల్లో రాద్దామంటే దొంగ చేతికి తాళాలిచ్చినట్టే. అందుకే ఈ కాగితం.

నేను పెట్టి వచ్చిన ఫెచ్‌మెయిల్ అనే ప్రోగ్రాం ఐదు నిమిషాలకోసారి సర్వరు దగ్గరికెళ్లి, కంటి డాక్టర్లు నీకు పంపిన అద్దాల నంబర్ల చీటీలు తెచ్చి కంప్యూటర్లో పడేస్తుంది. నువ్వు పని ఆపి చూసుకోనక్కర్లేదు. దానికి నీ పాస్‌వర్డు కావాలి కాబట్టి అది ఒక ఫైల్లో రాసి ఉంటుంది. ఆ ఫైలు నువ్వు తప్ప ఎవరూ చదవకుండా తాళం వేసే ఆజ్ఞ చీటీ మీద రాసిచ్చాను, ఫైలు ముట్టుకున్నప్పుడల్లా అది కొట్టు. అదే కంప్యూటర్లో వదిన లెక్కలు చూసుకుంటుంది కదా. వదిన మంచిదే, తాళమూ మంచిదే. యంత్రం మొత్తానికి యజమాని అయిన 'రూట్' పేరు మీద దీన్ని ఎప్పుడూ నడపకు. మెయిల్ వచ్చే దారిలో ఎవరూ తొంగిచూడకుండా ఆ ఫైల్లో పెట్టిన వరుస చెరపకు. ఇంకోటి, ఈ ప్రోగ్రాం మెయిల్ తెచ్చుకున్నాక సర్వరులో ఉన్న ప్రతిని తుడిచేస్తుంది, దాని అలవాటే అంత. నీకు కుదురుకునేదాకా తుడవొద్దని 'కీప్' అనే మాట చేర్చాను. ముందు నా మెయిల్‌తో నడిపి చూసి, సరిగ్గా ఉందనుకున్నాకే నీది ఎక్కించాను. చూశావా, నీ చెల్లెలు ఎంత జాగ్రత్తపరురాలో!

కాలేజీ ల్యాబులో నా కాంట్రాక్టు ముగింపుకొచ్చింది. పెద్దాసుపత్రిలో మెయిళ్లు చూసుకునే ఉద్యోగానికి రాత పరీక్ష గట్టెక్కాను. ఇంటర్వ్యూ పిలుపు మెయిల్లో వస్తుందట. ఇది గనక తప్పిపోతే మళ్లీ మొదటికే.

నీ పిడుగు


ప్రియమైన పిడుగుకు,

చీటీలు వాటంతటవే వస్తున్నాయి. మొదటిరోజు వదిన కుర్చీ లాక్కుని కూర్చుని, ఒక్కోటి వచ్చినప్పుడల్లా చప్పట్లు కొట్టింది. ఆ సంబరంలో రెండు ఫ్రేములు కింద పడేసింది. ఎవరి చీటీలు వాళ్ల ఫోల్డర్లో పడేలా పెట్టడం నేర్పావు కదా, అది నాకు బాగా పట్టుబడింది.

నిన్న ఒకాయన ఎడమకంటి అద్దం కుడివైపు బిగించాను. ఆయన మెట్టు అనుకుని చదునైన నేలమీద కాలెత్తి వేస్తుంటే నాకు తలకొట్టేసినట్టయింది. ఈమధ్య పనిమీద మనసు నిలవడంలేదు.

ఒక సందేహం. వేరేవాళ్ల మెయిల్ ఇందులోకి వచ్చే వీలుందా? ఊరికే అడుగుతున్నాను. ఇంకొకటి, కోప్పడనంటే అడుగుతా. ఇక్కడున్నన్నాళ్లూ నావల్ల బాగా విసిగిపోయావా?

మీ అక్క


ప్రియమైన అక్కా,

వేరేవాళ్ల మెయిల్ నీకెందుకు వస్తుందే తల్లీ! పక్కింటి ఉత్తరం మనింట్లో పడేసేది పోస్ట్‌మాన్. ఇది పోస్ట్‌మాన్ కాదు, చెప్పిన గుమ్మానికే వెళ్తుంది. ఏదైనా తేడాగా కనబడితే నువ్వే ఏదో నొక్కి ఉంటావు. నొక్కకు. విసుగంటావా, నీకు ఒక్క ముక్క వందసార్లు చెప్పినా నవ్వుతూనే చెప్పానుగా!

నా సంగతే బాగాలేదు. ఆసుపత్రి నుంచి ఉలుకూ పలుకూ లేదు. నా స్నేహితురాలు కూడా రాయడం మానేసింది. మెయిల్‌పెట్టె తెరిస్తే బోసిగా ఉంటోంది. గొప్ప ఆసుపత్రి, ఒక్క మెయిల్ పంపడం చేతకాదు! అందుకేనేమో మెయిళ్లు చూసుకోవడానికి మనిషి కావాలంటున్నారు.

నీ పిడుగు


ప్రియమైన చెల్లికి,

నువ్వు చెప్పినట్టే ఏమీ నొక్కడంలేదు. ఒక ఫోల్డరుకు మాత్రం నీ చీటీ చూసి తాళం వేశాను. వదినకు కూడా తెరుచుకోదు. షాపులో పని ఎక్కువగా ఉంది, ఇంతకంటే రాయలేను.

అక్క


ప్రియమైన అక్కా,

ఇది మూడో కాగితం. మొదటి రెండూ చింపేశాను.

నిన్న ఆసుపత్రికి ఫోను చేశాను. పిలుపు ఎప్పుడో పంపారట. ఇంటర్వ్యూ సోమవారమే అయిపోయిందట. నా మెయిల్‌పెట్టెను ఎక్కడెక్కడి నుంచి తెరిచారో చూస్తే, ఐదు నిమిషాలకోసారి మీ షాపు నుంచి! ఒళ్లు మండిపోయింది. వెంటనే ఆసుపత్రి అధికారికి మళ్లీ ఫోను చేసి, "మా అక్క కంప్యూటర్లో తెలిసీ తెలియక ఏదో కెలికింది సార్, నా మెయిళ్లన్నీ అటు పోయాయి" అని చెప్పాను. పాపం ఆయన జాలిపడి, వచ్చే వారం ఇంకోసారి కూర్చుంటున్నాం, రమ్మన్నారు.

ఫోను పెట్టేశాక గుర్తొచ్చింది. పరీక్షించి చూడడానికి నా మెయిల్ వివరాలు రెండు వరుసలు ఆ ఫైల్లో రాశాను. తరవాత కింద నీవి రాశాను. నావి తీయడం మరిచిపోయాను. 'కీప్' అని పెట్టింది కూడా నీ వరుసలకే. అంటే నాకొచ్చిన ప్రతి మెయిలూ నీ దగ్గర పడి, నా దగ్గర తుడుచుకుపోయింది. కెలికింది నేను. నువ్వు అడిగావు కూడా. నేను ఎకసెక్కాలాడాను.

నా పాస్‌వర్డు మార్చేశాను. ఫైల్లో పైనున్న రెండు వరుసలు తీసేసి, మళ్లీ తాళం వెయ్యి.

అక్కా, నువ్వు అవన్నీ చదివావా? ఆసుపత్రి పిలుపు చూసి కూడా చెప్పలేదా? స్నేహితురాలి మెయిల్ కూడా చూసే ఉంటావు. దాని కింద నేను రాసింది ఉండి ఉంటుంది. సిగ్గుతో చచ్చిపోతున్నాను. నన్ను తిట్టు, నేను పడతాను.

నీ చెల్లి


ప్రియమైన పిడుగుకు,

రెండు వరుసలు తీసేశాను. తాళం వేశాను.

చదివింది ఒక్కటే. డాక్టరు చీటీ అనుకుని తెరిచాను. నీ స్నేహితురాలు "అయితే ఆ జైలు నుంచి బయటపడ్డావన్నమాట" అని రాసింది. దాని కింద నీ మాటలు. మా అక్క అద్దాలు అమ్ముతుంది గానీ కళ్లెదుటిది కనబడదు, ఒకటే ముక్క వందసార్లు చెప్పాలి, ఆవిడ పక్కన కూర్చుంటే నా బుర్ర కూడా అరిగిపోతుంది అని. ఒక్కసారే చదివాను, అప్పుడే మరిచిపోయాను. నువ్వూ మరిచిపో. అలసిపోయి ఇంటికెళ్లినప్పుడు ఎవరైనా ఏదో ఒకటి అంటారు.

ఆ తరవాత నీ పేరున్నవన్నీ నా కంట పడకుండా నేరుగా ఒక ఫోల్డర్లో పడేలా పెట్టి తాళం వేశాను. వేరేవాళ్లు చదవకూడదన్నావు కదా, నేనూ వేరేదాన్నే కదా అనుకున్నాను. పిలుపు అందులో ఉందని నాకు తెలియదు. తెలిస్తే పరుగెత్తుకొచ్చేదాన్ని. కానీ నీ దగ్గర దాచను. అది మర్యాదతో వేసిన తాళం కాదు, ఉడుకుమోత్తనంతో వేసింది. నీ మెయిళ్లు నా దగ్గరికొస్తున్నాయని ఒక్క ముక్క రాస్తే సరిపోయేది. రాస్తే నేను చదివిన సంగతి బయటపడుతుందని సిగ్గు. ఆ సిగ్గే నీ నోటికాడి కూడు తీసింది. పెద్దదాన్నయ్యుండి నేను చేసిన పని ఇది.

నిన్న ఆసుపత్రి అధికారి షాపుకు ఫోను చేశారు. నువ్వు ఈ నంబరు కూడా ఇచ్చావట. "మీవల్లే పోయిందా అమ్మా?" అని అడిగారు. అవునన్నాను. నేనే కెలికానన్నాను. నాకు పోయేదేముంది, నేను అద్దాలమ్ముకునేదాన్ని. నువ్వు వెళ్లి ధైర్యంగా కూర్చో, ఆ మాటే నిలబెట్టు.

తాళం తీసి, మెయిళ్లన్నీ వదిన చేత చదవకుండా ప్రింటు తీయించి, బోర్లా పెట్టించి కవర్లో పెట్టాను. ఫోల్డరు తుడిచేశాను.

మీ అక్క


ప్రియమైన అక్కా,

ఇంటర్వ్యూకి వెళ్లాను. ముగ్గురు కూర్చున్నారు. ఆ అధికారి మొదటే, "మీ అక్కగారు చాలా బాధపడ్డారండీ, తప్పంతా తనదేనన్నారు" అన్నారు. తల ఊపితే చాలు. ఊపాను కూడా.

తరవాత రెండో ఆయన, మెయిల్ తెచ్చే ఏర్పాటు భద్రంగా ఎలా చేస్తారని అడిగారు. తాళం గురించి, రూట్ గురించి, దారిలో రహస్యం గురించి గడగడా చెప్పాను. అన్నీ అయ్యాక చివరికి ఏం చెయ్యాలి అన్నారు. పరీక్షించడానికి రాసిన వరుసలు తీసేయాలి అన్నాను. అప్పుడు చెప్పేశాను. మా అక్క ఏమీ కెలకలేదు, అది నా చేతి పని, మీకు ఫోనులో చెప్పింది అబద్ధం, మా అక్క మీతో అన్నదీ నాకోసమే అని. ఆ అధికారి ముఖం చూడలేకపోయాను. ఆయన కాగితాలు సర్దుకుంటూ, "రోగుల ఉత్తరాలు మీ చేతిలో ఎలా పెట్టమంటారమ్మా?" అని మెల్లగా అన్నారు. న్యాయమే. ఉద్యోగం రాలేదు. కాంట్రాక్టు ఇంకో టర్ము పొడిగించమని కాలేజీలో అడుగుతున్నాను.

ఆదివారం వస్తున్నాను. ఆ ఫైలు మొదటినుంచీ మళ్లీ రాద్దాం, ఈసారి నువ్వు కొట్టు, నేను పక్కన కూర్చుంటాను. వందసార్లు అడుగు.

కవరు అందింది. ఆసుపత్రి పిలుపు, మిగతావన్నీ మిషన్లోంచి అప్పుడే తీసినట్టు నున్నగా ఉన్నాయి. అడుగున నా స్నేహితురాలి మెయిల్ ఒక్కటి మాత్రం ముందెప్పుడో ప్రింటు తీసిన కాగితం. వదిన పొరపాటున కలిపేసిందేమో, నీ ఏప్రాన్ జేబులోదై ఉంటుంది. అద్దాలు అరగదీసే తెల్లటి పొడి దానికి అంటుకుని ఉంది.

ఒక్కసారే చదివానన్నావు. మడతల దగ్గర అది చిరిగిపోయి ఉంది అక్కా.

నీ చెల్లి